జాస్ కొనలేకపోతే చదువు ఆగిపోవాలా?

ప్రశ్న: మా అబ్బాయికి చూపు లేదు, డిగ్రీలో చేరాడు. తెర మీద ఉన్నది చదివి వినిపించే జాస్ సాఫ్ట్‌వేర్ ధర మా తాహతుకు మించిపోయింది. అప్పు చేయమంటారా?

జవాబు: వద్దండీ, అప్పు మాట ఎత్తకండి. జాస్ చేసే పనే చేసే ఎన్‌విడిఎ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పైసా కట్టక్కర్లేదు. చూపున్నవాళ్ల కంటే మేమెందుకు ఎక్కువ డబ్బు పెట్టాలని ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని కుర్రాడే 2006లో దాన్ని మొదలుపెట్టాడు. విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. తెలుగూ చదువుతుంది, కాకపోతే గొంతు మరమనిషిలా ఉండి మొదట్లో ఒత్తులు, దీర్ఘాలు సరిగ్గా అందవు, బాబుని విసుక్కోకుండా రోజూ ఓ అరగంట నెమ్మదిగా విననివ్వండి, చెవికి అలవాటైపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ కూడా ఉచితమే. మిగిలిన డబ్బుతో మంచి హెడ్‌ఫోన్స్ కొనిపెట్టండి.