హ్యాండ్ అంటే చెయ్యి ఒక్కటే కాదు

ప్రశ్న: సార్, ఈ మధ్యే ఐటీ కంపెనీలో చేరాను. లండన్ నుంచి పనిచేసే మా మేనేజర్ కాల్‌లో "కెన్ యు గివ్ మీ ఎ హ్యాండ్" అంది, నాకు ఒక్క క్షణం ఏం అర్థం కాలేదు, మన దగ్గర హ్యాండిచ్చాడు అంటే నమ్మించి ముంచేశాడనే కదా. హ్యాండ్ ఇన్, హ్యాండ్ అవుట్, ఆల్ హ్యాండ్స్ అని ఇంకా బోలెడు వినిపిస్తున్నాయి. ఎలా గుర్తుపెట్టుకోవాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీరు తికమకపడ్డంలో వింతేం లేదమ్మా. హ్యాండిచ్చాడు అనేది మన "చెయ్యిచ్చాడు"లోంచి మనం చేసుకున్న మాట, ఆ అర్థం లండన్ ఆవిడకి తెలీదు. ఆవిడ అడిగింది సాయం. అదే స్టేజి మీద యాంకర్ "గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్" అంటే గట్టిగా చప్పట్లు కొట్టమని, "గివ్ మీ యువర్ హ్యాండ్" అంటే మాత్రం నిజంగానే చెయ్యి అందించమని. చూశారా, ఎ ఉందా యువర్ ఉందా అన్నదాన్ని బట్టి అర్థమే మారిపోయింది, అందుకే హ్యాండ్‌ని విడిగా బట్టీ పట్టొద్దు, పక్కనున్న చిన్న మాటతో కలిపే నేర్చుకోండి.

హ్యాండ్ ఇన్ అంటే రిపోర్ట్ లాంటిది ఇచ్చేయడం, హ్యాండ్ అవుట్ పంచిపెట్టడం, హ్యాండ్ ఓవర్ అప్పగించడం. అవుట్ ఆఫ్ హ్యాండ్ దగ్గర కాస్త జాగ్రత్త, పరిస్థితి అవుట్ ఆఫ్ హ్యాండ్ అంటే చెయ్యి దాటిపోయిందని, కానీ మీ ప్రపోజల్‌ని అవుట్ ఆఫ్ హ్యాండ్ రిజెక్ట్ చేశారంటే అసలు ఆలోచించకుండానే తోసేశారని. మనవాళ్ళు "ఇన్ హ్యాండ్ ఎంతొస్తుంది" అని జీతం గురించి అడుగుతారు, ఆవిడతో అయితే టేక్ హోమ్ అనండి, వెంటనే అర్థమవుతుంది.

ఇక మీ ఆల్ హ్యాండ్స్ మీటింగ్, అది నాకు చాలా ఇష్టమైన మాట. ఓడల్లో పనిచేసేవాళ్ళని హ్యాండ్స్ అనేవాళ్ళు, తుఫానొస్తే "ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్" అని కేకేస్తే అందరూ పైకి రావాల్సిందే, ఆ మాటే ఇప్పుడు ఆఫీసులకొచ్చింది. పొలంలో కూలీ ఫామ్ హ్యాండ్, అనుభవమున్నవాడు ఓల్డ్ హ్యాండ్, మనం చెయ్యి తిరిగినవాడు అంటామే అలా. మనుషులు చాలకపోతే షార్ట్‌హ్యాండెడ్. దీన్ని షార్ట్‌హ్యాండ్‌తో కలపొద్దు, అక్కడ హ్యాండ్ అంటే చేతిరాత, 1837లో పిట్‌మన్ తెచ్చిన ఆ పొట్టి రాతనే మన ఊళ్ళల్లో టైప్ ఇన్‌స్టిట్యూట్లలో నేర్పేవాళ్ళు.

ప్రశ్న: గుర్రం ఎత్తు 14.2 హ్యాండ్స్ అని చదివాను. అంటే ఎంత?
- ఓ పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలండీ, అరచేతి వెడల్పుతో కొలిచే రోజుల నుంచి వచ్చిన లెక్క. ఎత్తు తలదాకా కొలవరు, మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోటిదాకానే. 14.2లో చుక్క డెసిమల్ కాదు, 14 హ్యాండ్స్ మీద 2 అంగుళాలు, మొత్తం 58 అంగుళాలు. అందుకే 14.3 తర్వాత 14.4 రాదు, 15 వస్తుంది.