వదినకు ఆ తొమ్మిది రోజులు

ప్రశ్న: మా అమ్మకు పక్షవాతం వచ్చి ఆరేళ్లయింది. కుడివైపు పూర్తిగా పడిపోయింది, మాట సరిగ్గా రాదు. మల్కాజిగిరిలో అన్నయ్య వాళ్లింట్లో ఉంటుంది. చూసుకునేదంతా వదినే, అమ్మ కోసం టీచర్ ఉద్యోగం కూడా మానేసింది. నేను, మా చెల్లి సిటీలోనే వేరే చోట ఉంటూ నెలనెలా డబ్బులు పంపిస్తాం. త్వరలో అమ్మకు డెబ్బై ఐదేళ్లు నిండుతాయి. ఫంక్షన్ హాల్లో బంధువులందరి ముందు వదినకు పట్టుచీర పెట్టి, శాలువా కప్పుదామనుకుంటున్నాం. ఇంకేం చేస్తే బాగుంటుంది?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషమేసింది. ఇలాంటి ఇళ్ల నుంచి నాకు రాసేది ఎక్కువగా అలిసిపోయిన కోడళ్లే, మరుదులు రాయడం అరుదు. చీర పెట్టండి, శాలువా కప్పండి. కానీ ఒక్క మాట అడుగుతాను, ఈ ఆరేళ్లలో మీ వదిన ఒక్క రాత్రయినా తెల్లవార్లూ నిద్రపోయారా?

మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము దగ్గర, మడమల దగ్గర చర్మం కమిలి పుండ్లు పడతాయి. మింగడం కష్టమైతే జావ కూడా కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా దాకా వస్తుంది. మా నాన్న మంచం పట్టినప్పుడు మా అమ్మ తన కొంగు చివర ఆయన మణికట్టుకు ముడేసుకుని కింద చాప మీద పడుకునేది, ఆయన చెయ్యి కదిపితే మెలకువ వస్తుందని. అది చూస్తూ కూడా మేం "అమ్మ ఉందిలే" అనుకుని పక్క గదిలో నిద్రపోయేవాళ్లం. తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఇంకో సంగతి. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టంలో 'పిల్లలు' అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి మాట అందులో లేదు. అంటే ఆవిడ ఇన్నేళ్లుగా చేస్తున్నది మీ ముగ్గురూ చేయాల్సిన పని. మీరు పంపే డబ్బు మందులకు, డైపర్లకు అవసరమే, కాదనను. ఆవిడకు మాత్రం రాత్రి నిద్ర కావాలి.

అందుకని ఈసారి బతుకమ్మకు, ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా, ఆ తొమ్మిది రోజులూ మీ వదినను పుట్టింటికి పంపండి. పగలు చెల్లి, రాత్రి మీరూ అన్నయ్యా వంతులేసుకోండి, అంతా తీసుకెళ్లి మీ భార్య మీద పెట్టకండి. ముందు వారం రోజులు వెళ్లి ఆవిడ దగ్గర పని నేర్చుకోండి. ఏ మాత్ర ఏ పూట, ఏ వైపు తిప్పితే అమ్మకు నొప్పి, ఏ సైగకు నీళ్లు, ఏ సైగకు బాత్రూమ్, ఇవి ఏ డాక్టర్ చీటీలోనూ ఉండవు, ఆవిడకే తెలుసు. అన్నీ రాసుకోండి, పుట్టింట్లో ఉన్న మనిషికి పదేపదే ఫోన్ చేసి "అదెక్కడుంది" అని అడగకండి.

పండగ అయ్యాక కూడా నెలలో రెండు ఆదివారాలు మీవే అనుకోండి. ముగ్గురూ కలిసి రాత్రిపూటకు కేర్‌టేకర్‌ని పెట్టగలిగితే మరీ మంచిది. పెద్దవాళ్ల విషయంలో సలహా, సమాచారం కావాలంటే ఎల్డర్‌లైన్ 14567కి ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. మీ వదిన బీపీ, షుగర్, నడుము నొప్పి ఎవరైనా చూపించారా? మీరే తీసుకెళ్లండి. పోయిన జీతం గుర్తుపెట్టుకుని నెలనెలా ఎంతో కొంత ఆవిడ పేరు మీద బ్యాంకులో వేయండి. సేవకు డబ్బులేమిటని ఎవరైనా అంటే అననివ్వండి.

ఫంక్షన్ మాత్రం హాల్లో వద్దు, అమ్మను కదిలించే టెన్షన్ మళ్లీ ఆవిడకే. ఇంట్లోనే చేయండి, వంటకు క్యాటరింగ్ చెప్పండి. శాలువా మీరు కప్పొద్దు. మీ అమ్మగారి ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా, ఆ చేత్తో అమ్మగారినే కప్పనివ్వండి, ఎంతసేపు పట్టినా సరే.