ఫిషర్‌కి ఏ డాక్టర్?

ప్రశ్న: విరేచనానికి వెళ్తే కోసినట్టు నొప్పి, కాస్త రక్తం. రెండు నెలలుగా పైల్స్ పూత వాడినా తగ్గలేదు. ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) అంటున్నారు. ఎవరికి చూపించాలి?

జవాబు: కొలోరెక్టల్ సర్జన్‌కి (పెద్దపేగు, మలద్వారం జబ్బులు చూసే సర్జన్). దొరక్కపోతే ఈ కేసులు తరచూ చూసే జనరల్ సర్జన్ చాలు. బోర్డు మీద ‘లేజర్’ అన్న మాట కాదు, సర్జరీ డిగ్రీ చూడండి.

పిరుదులు మెల్లగా విడదీస్తే చీలిక సాధారణంగా కనిపిస్తుంది. నొప్పి బాగా ఉంటే వేలితో చేసే పరీక్ష వాయిదా వేయమని అడగొచ్చు.

మలద్వారం లోపలి కండరం బిగుసుకుని రక్తప్రసరణ తగ్గడం వల్ల పుండు మానదు. మామూలు పైల్స్ పూతలు ఆ బిగుతును వదిలించవు. డాక్టర్లు సాధారణంగా 2 శాతం డిల్టియాజెమ్ పూత 6–8 వారాలు రాస్తారు. నైట్రోగ్లిజరిన్ కూడా పనిచేస్తుంది, కానీ తలనొప్పి ఎక్కువ. మలం మెత్తబడకపోతే మాత్రం ఏ పూత రాసినా చీలిక మళ్లీ తెగుతుంది. పీచు, నీళ్లు, అవసరమైతే విరేచనం మెత్తబరిచే మందు తప్పవు.

ఇవేవీ వాడకుండానే ఆపరేషన్ అంటే ఇంకో సర్జన్‌ని కలవండి. కండరాన్ని కొంత కోసే స్ఫింక్టెరాటమీ బాగా పనిచేస్తుంది గానీ, కొందరికి గ్యాస్, మలం మీద పట్టు తగ్గుతుంది. కష్టమైన కాన్పులు, పాత ఆపరేషన్లు ఉంటే ముందే చెప్పండి. చీలిక మధ్యగీతలో కాక పక్కకు ఉంటే క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు), క్షయ వంటివి ఉన్నాయేమో చూడాలి.