నాటకం, పాత సినిమా, ఊళ్లో తిరుగుడు: మూడింటినీ కలిపి హోమ్‌స్కూల్ గ్రూపును నడపడం ఎలా?

మీ ప్రశ్న ఇది: ఆరు కుటుంబాలు, బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకునే (హోమ్‌స్కూల్) 6 నుంచి 13 ఏళ్ల లోపు పదకొండు మంది పిల్లలు, వారానికి ఒక రోజు కలుస్తారు. నాటకాలు వేయిస్తూ, పాత సినిమాలు చూపిస్తూ, దగ్గర్లోని చోట్లకు తీసుకెళ్తూ చదువు చెప్పాలని మొదలుపెట్టారు. రెండు నెలలకే అది ఒక వారం పిక్నిక్, ఒక వారం సినిమా అన్నట్టు తయారైంది. ఎక్కడ తప్పింది అని అడుగుతున్నారు.

మూడింటినీ విడివిడిగా నడపడం దగ్గరే తప్పింది. నాటకాన్ని చివర పెట్టి, మిగతా రెండూ దానికి ముడిసరుకు తెచ్చేలా చూసుకోండి. రైల్వే స్టేషన్‌లో చూసింది ఐదు వారాల తర్వాత తానే వేదిక మీద చేసి చూపించాలని తెలిసిన పిల్లవాడు టికెట్ కౌంటర్ ముందు నిలబడే తీరే మారిపోతుంది. ఆ అవసరం లేకపోతే ఎంత మంచి చోటికి తీసుకెళ్లినా ఇంటికొచ్చేసరికి గుర్తుండేది దారిలో తిన్న చిరుతిండి ఒక్కటే.

ఒక విడత ఆరు వారాలు పెట్టుకోండి. మొదటి వారం బయటికి వెళ్లడం. రెండో వారం సినిమా. మూడో వారం సినిమాలో మిగిలిన భాగం, అదే రోజు సన్నివేశాలు అల్లడం. నాలుగు, ఐదు వారాలు రిహార్సల్స్. ఆరో వారం ప్రదర్శన. తర్వాత ఒక వారం ఖాళీ వదలండి. ఖాళీ లేకుండా విడత మీద విడత పెడితే ముందు అలిసిపోయేది పెద్దవాళ్లే. కలిసిన రోజు మూడు గంటలు చాలు. రైల్వే స్టేషన్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. పోస్టాఫీసు, అచ్చాపీసు, కూరగాయల మార్కెట్, చెరువు, అగ్నిమాపక కేంద్రం, ఏదైనా పద్ధతి ఇదే.

వెళ్లడానికి వారం, పది రోజుల ముందు పెద్దవాళ్లలో ఒకరు ఒంటరిగా వెళ్లి చూసి రావాలి. తేల్చుకోవాల్సినవి: మరుగుదొడ్డి ఎక్కడుంది, ఒక్కసారి ఎంతమందిని లోపలికి రానిస్తారు, రద్దీ ఏ వేళల్లో ఉంటుంది, ఫోటోలు తీయనిస్తారా, పిల్లలతో పదిహేను నిమిషాలు మాట్లాడటానికి ఒప్పుకునే ఉద్యోగి ఎవరైనా ఉన్నారా. ఈ ముందు చూపు మానేసిన రోజే ఏదో ఒకటి అడ్డం తిరుగుతుంది. గేటు దగ్గర అనుమతి లేదంటారు, లేదా సరిగ్గా రద్దీ వేళకు చేరతారు. నలుగురైదుగురు పిల్లలకు పెద్దవాళ్లలో ఒకరు, ఏడేళ్ల లోపు వాళ్లయితే ముగ్గురికి ఒకరు ఉండాలి. ప్రతి పిల్లవాడికీ ఒక అంకె ఇచ్చి, ప్రతి గుమ్మం దగ్గరా వరసగా వాళ్ల చేతే చెప్పించండి. మీరు తలలు లెక్కపెట్టడం కన్నా ఇది త్వరగా అవుతుంది, ఎవరు లేరో వెంటనే తెలుస్తుంది. అక్కడ ఉండేది గంట, మహా అయితే గంటన్నర. చిరుతిండి వెళ్లేముందే పెట్టేయండి.

వర్క్‌షీట్లు ఇవ్వకండి. చేతిలో కాగితం ఉంటే పిల్లల కళ్లు కాగితం మీదే ఉంటాయి, గళ్లు నింపేసి అయిపోయిందంటారు. దానికి బదులు ఒక్కొక్కరికి ఒక పని అప్పగించండి. ఒకరు లెక్కలవాళ్లు: పది నిమిషాల్లో ఎంతమంది దిగారు, ఎక్కినవాళ్లెందరు, బండి ఎన్ని నిమిషాలు ఆగింది. ఒకరు చప్పుళ్లు పట్టేవాళ్లు: కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విని, విన్నవన్నీ వరసగా చెప్పాలి. ఒకరు బొమ్మ గీసేవాళ్లు. ఒకరు మాటలు ఏరేవాళ్లు: అక్కడ పనిచేసేవాళ్లు తమ పనిముట్లను, పనులను ఏ పేర్లతో పిలుస్తారో ఆ పేర్లే రాసుకోవాలి. నా లెక్కలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. ఆ మాటలే తర్వాత నాటకానికి ప్రాణం పోస్తాయి. ఇక ప్రశ్నలు అడిగేవాళ్లు ఇద్దరు చాలు, ప్రశ్నలు మూడు చాలు. ‘మీరు ఏం పని చేస్తారు’ అంటే ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. ‘ఏది పాడైతే ఇక్కడ పని మొత్తం ఆగిపోతుంది’, ‘కొత్తగా చేరినవాళ్లు మొదట చేసే తప్పేమిటి’, ‘అందరూ నిద్రపోయే వేళ మీరు చేసే పనేమిటి’ అని అడిగి చూడండి. ఎంత ముభావంగా ఉండే మనిషైనా నోరు విప్పుతాడు. తిరిగొచ్చిన వారంలోపు పిల్లలు ధన్యవాదాల ఉత్తరం రాయాలి, అందులో తాము అక్కడ తెలుసుకున్న ఒక విషయం తప్పకుండా ఉండాలి. నిజంగా ఒకరు చదవబోయే ఉత్తరం కాబట్టి అక్షరదోషాలు వాళ్లే దిద్దుకుంటారు.

సినిమా దగ్గర చాలామంది చేసే పొరపాటు, మొదటి రోజే మూడు గంటల సినిమా పెట్టి కూర్చోబెట్టడం. పదేళ్ల లోపు పిల్లలకు ఒకేసారి 25, 30 నిమిషాలు దాటనివ్వకండి. మూకీలతో మొదలుపెట్టండి. భాష అడ్డం రాదు, తెర మీద వచ్చే అక్షరాల పలకలను పెద్దపిల్లలు తెలుగులో చెబుతుంటే చిన్నపిల్లలు కథ అందుకుంటారు. పెద్దపిల్లలకు అది అక్కడికక్కడే అనువాద సాధన.

స్టేషన్ చూసొచ్చాక, సినిమా పుట్టిన తొలిరోజుల్లో ఫ్రాన్స్‌లో చిత్రాలు తీసిన లూమియేర్ సోదరుల రైలు చిత్రం చూపించండి. 1896లో ప్రదర్శించింది. అప్పటి రీలు పొడవు దాదాపు 17 మీటర్లే కాబట్టి చిత్రం 50 సెకన్లకు అటూఇటూగా అయిపోతుంది. మూడుసార్లు చూపించాలి. మొదటిసారి ఊరికే చూడనివ్వండి. రెండోసారి ప్రతి ఒక్కరూ ప్లాట్‌ఫాం మీద ఒక మనిషిని ఎంచుకుని ఆ మనిషినే కనిపెట్టి ఉండాలి. మూడోసారికి ముందు ‘మీ మనిషి ఎవరి కోసం వచ్చింది, చేతిలో ఏముంది’ అని అడిగి, మళ్లీ చూపించండి. నాటకంలో సగం పాత్రలు ఇక్కడే పుట్టేస్తాయి. లెక్క కావాలంటే, రీలు మీద సెకనుకు 16 బొమ్మల చొప్పున 50 సెకన్లకు ఎన్ని బొమ్మలని అడగండి. 800 అని తేలాక, ఆ రీలు పొడవును 800తో భాగిస్తే ఒక్కో బొమ్మ ఎత్తు రమారమి ఎంతో కూడా పెద్దపిల్లలు చెప్పగలరు.

పదేళ్లు దాటినవాళ్లకు అమెరికా మూకీల హాస్యనటుడు బస్టర్ కీటన్ 1926లో తీసిన ‘ది జనరల్’ బాగా పనికొస్తుంది. కథంతా రైలింజను చుట్టూనే తిరుగుతుంది, గంటా పావు పైచిలుకు ఉంటుంది, రెండు భాగాలుగా చూపించవచ్చు. అయితే ఇక్కడ ఒక విషయం దాటేయకూడదు. 1862లో అమెరికా అంతర్యుద్ధంలో నిజంగా జరిగిన ఇంజను దొంగతనం దీనికి ఆధారం. సినిమాలో నాయకుడు దక్షిణాది పక్షం, అంటే బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని పోరాడిన పక్షం. ఆ సంగతి సినిమా ఎక్కడా ఎత్తదు. ‘కెమెరా ఎవరి పక్కన నిలబడింది? తెర మీద ఎవరు కనిపించలేదు?’ అని అడగండి. చరిత్ర పాఠం అక్కడే మొదలవుతుంది.

చూపించే ముందు సినిమా మొత్తం మీరు ఒకసారి చూసి, ఆగి మాట్లాడాల్సిన చోట్ల నిమిషాలు రాసుకోండి. పాత సినిమాల్లో పిల్లల్ని కొట్టడం, ఒంటి రంగును ఎగతాళి చేయడం, పొగతాగడం తరచుగా వస్తాయి. గుట్టుగా ముందుకు జరిపేస్తే పిల్లలు పసిగడతారు, ఆపి మాట్లాడటమే మేలు. చాప్లిన్ ‘ది కిడ్’ (1921) చిన్నపిల్లలకు నచ్చేదే, కానీ పసివాణ్ణి బలవంతంగా బండి ఎక్కించి తీసుకుపోయే ఘట్టంలో ఆరేడేళ్ల వాళ్లు ఏడుస్తారు. బాబు మళ్లీ తనను పెంచిన మనిషి దగ్గరికే చేరతాడని ముందే చెప్పేయండి, కథ ఏమీ చెడిపోదు.

నటన గురించి చెప్పాలంటే ‘మాయాబజార్’ (1957) ఒక్కటి చాలు. పూర్తి సినిమా మూడు గంటలు, అంతా అక్కర్లేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు కనిపించే భాగాలు ఒక పది నిమిషాలు తీసుకోండి. సావిత్రి అక్కడ శశిరేఖలా నటిస్తున్న ఘటోత్కచుడిగా నటించింది. మాట ఆపేసి, బొమ్మ మాత్రమే నడిపి, అసలు శశిరేఖ నడకకూ ఈ నడకకూ తేడాలు రాయమనండి. భుజాలు, మెడ, అడుగు, చూపు. తర్వాత లేచి చేసి చూపమనండి. ‘పాత్రలో లీనం కావాలి’ అని వందసార్లు చెప్పినా రానిది ఈ ఒక్క పూటలో వస్తుంది.

ఇక నాటకం. స్క్రిప్టు మీరు రాయకండి. మూడో వారం పిల్లల్ని ముగ్గురు నలుగురి చొప్పున విడగొట్టి పరిస్థితి ఒకటి ఇవ్వండి: ఒకరికి ఏదో కావాలి, ఇంకొకరు అడ్డం, టైం తక్కువ. ఉదాహరణకు, బండి కదలడానికి మూడు నిమిషాలుంది, టికెట్ అవ్వ దగ్గర ఉండిపోయింది, అవ్వ కనిపించడం లేదు. ఐదు నిమిషాలు మాట్లాడుకుని చేసి చూపాలి. ఒకే సన్నివేశం మూడుసార్లు చేయించి, మూడోదాన్ని ఫోన్‌లో రికార్డు చేయండి. పెద్దపిల్లలు దాన్ని విని కాగితం మీద పెట్టాలి. వినబడ్డ తెలుగును రాతలోకి తేవడం, అక్కర్లేని మాటలు కొట్టేయడం కన్నా మంచి భాషా పాఠం నాకు తెలియదు.

కొలతలు: వేదిక మీద కదలికలతో కలిపి నిమిషానికి 60, 70 మాటలే పడతాయి. కాబట్టి పదిహేను నిమిషాల నాటకానికి వెయ్యి మాటలు దాటకూడదు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లకు నాలుగైదు వాక్యాలు, ఒక్కొక్కటీ ఆరు మాటల్లోపు. చదవడం ఇంకా రానివాళ్లను గుంపులో పెట్టి కలిసి పలికే మాటలు, చప్పుళ్లు ఇవ్వండి. బండి కూత, ప్రకటన గంట, అమ్మేవాళ్ల కేకలు. చక్కగా చదివే ఒకే పిల్లకు వ్యాఖ్యాత పాత్ర ఇచ్చి సగం నాటకం ఆమె నోట్లో పెట్టడం మామూలుగా జరిగే తప్పు. ఆమెకు జ్వరమొస్తే ప్రదర్శన లేదు, మిగతావాళ్లకు చేసేదీ లేదు.

పాత్రలు మొదటి రోజే పంచకండి. నాలుగో వారం మొదటి గంట అందరూ అన్ని పాత్రలూ మార్చి మార్చి చదవాలి. అలా చేస్తే ఎవరైనా రాకపోయినా ఇంకొకరు అందుకోగలరు. పంచేటప్పుడు ప్రతి పాత్రకూ మారుగా ఇంకొకరి పేరు రాసిపెట్టండి. మాటలు బట్టీ పట్టించే ముందు నడకలు నేర్పాలి. నేల మీద టేపుతో నాలుగు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల లోతు గీసి, ఎవరు ఎటునుంచి వస్తారో, ఎక్కడ ఆగుతారో తేల్చండి. కుర్చీలో కూర్చుని బట్టీ పట్టిన మాట నిలబడగానే పోతుంది, నడకతో కలిపి నేర్చింది నిలుస్తుంది. గొంతు వినపడకపోతే ‘గట్టిగా’ అని అరవకండి. వెనక గోడ దగ్గర ఒక పిల్లను నిలబెట్టి, వినపడనప్పుడల్లా చెయ్యెత్తమనండి. మాట్లాడేవాళ్లు ఆ చేతిని చూసి సర్దుకుంటారు. మాట మరిచిపోతే పక్కనుంచి అందించే ప్రాంప్టర్ మొదటి మాట మాత్రమే అందించాలి, వాక్యం మొత్తం కాదు. చిన్నపిల్లలతో ఏకబిగిన 40 నిమిషాలకు మించి రిహార్సల్ వద్దు. పాత్రకు ఒక్క గుర్తు చాలు, ఒక టోపీ, ఒక కర్ర, ఒక సంచి. కానీ ఆ వస్తువు నాలుగో వారం నుంచే చేతిలో ఉండాలి. ప్రదర్శన రోజు కొత్తగా ఇస్తే చెయ్యి దానితోనే ఆడుకుంటుంది, మాట మరిచిపోతారు.

ఎప్పుడైనా ఎవరో రాసిన నాటకం వేయాలనుకుంటే హక్కులు చూసుకోండి. షేక్‌స్పియర్ 1616లో పోయాడు, మూల నాటకాలు ఎవరైనా వేయవచ్చు. ఈమధ్య చేసిన అనువాదానికి మాత్రం అనువాదకుడి హక్కు విడిగా ఉంటుంది. సినిమా సంగతీ అంతే, చాలా దేశాల్లో ఇంట్లోవాళ్లు చూడటం వేరు, బయటివాళ్లను పిలిచి చూపించడం వేరు. మీరున్న చోట నియమం కనుక్కోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను: దీంతో లెక్కల పుస్తకం పక్కన పెట్టేయవచ్చని అనుకోకండి. ఎక్కాలు, భాగహారాలు, రోజూ చదవడం ఇంట్లో విడిగా సాగాల్సిందే. ఈ పద్ధతి మాట్లాడటం, రాయడం, గమనించడం, కలిసి పనిచేయడం బాగా నేర్పుతుంది, చరిత్ర పట్ల ఆసక్తి రేపుతుంది. వారానికొకసారి కలిస్తే లెక్కల్లో వేగం రాదు.

పెద్దవాళ్ల మధ్య పనిని విడతకు ఒక కుటుంబం చొప్పున పంచండి. ఆ ఆరు వారాలకు అన్నీ వాళ్ల బాధ్యతే: ముందుగా చూసి రావడం, సినిమా ఎంపిక, రిహార్సల్స్ వేళలు. మీవి ఆరు కుటుంబాలు కాబట్టి ఏడాదికి ఒక్కొక్కరికి మహా అయితే రెండు వంతులు వస్తాయి. రాలేకపోతే ఒక రోజు ముందు చెప్పాలన్న నియమం రాసుకోండి. ప్రదర్శనకు మొదటిసారి పదిహేను, ఇరవై మందిని మించి పిలవకండి. అయిపోగానే ప్రతి పిల్లవాడి దగ్గరా ఒక పేజీ రాయించి, బొమ్మలూ ఉత్తరం నకలూ కలిపి తారీఖుతో ఫైలులో పెట్టండి. పిల్లల చదువు వివరాలు చూపమని అధికారులు అడిగే చోట ఆ ఫైలే మీకు ఆధారం.