లెట్యూస్ ఆకుల్లో చుట్టుకొని తినే ఆసియా తరహా చికెన్ ఖీమాను వరంగల్‌లో దొరికే సరుకులతో చేయడం ఎలా?

పిండిపదార్థం తగ్గించుకోవాలనుకునేవారికి ఇది నిజంగా మంచి రాత్రి భోజనం. 100 గ్రాముల అన్నంలో దాదాపు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటే, అంతే తూకం లెట్యూస్‌లో సుమారు 3 గ్రాములే ఉంటుంది. హన్మకొండ సూపర్‌మార్కెట్లలో లెట్యూస్ దొరకని రోజున లేత క్యాబేజీ ఆకులను మరిగే నీటిలో ఒక నిమిషం ఉంచి వాడుకోవచ్చు.

ముగ్గురికి 400 గ్రాముల చికెన్ ఖీమా సరిపోతుంది. దానిని వెడల్పాటి కడాయిలో, పెద్ద మంటపై, నీరంతా ఇగిరి అంచులు ఎర్రబడేవరకు వేయించడంలోనే రుచి అంతా ఉంది. ఇరుకు గిన్నెలో వేస్తే ఖీమా వేగదు, ఉడుకుతుంది. తరువాత సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి, పచ్చివాసన పోయాక రెండు చెంచాల సోయా సాస్, ఒక చెంచా వెనిగర్, చివరగా ఉల్లికాడలు కలపాలి. సోయా సాస్‌లోనే ఉప్పు ఎక్కువ కనుక రుచి చూడకుండా విడిగా ఉప్పు వేయకూడదు. కార్న్‌ఫ్లోర్, తీపి సాసులు వేస్తే పిండిపదార్థం తగ్గించాలన్న ఉద్దేశమే దెబ్బతింటుంది.

మన గానుగ నువ్వుల నూనెకు చైనా వంటల్లో వాడే వేయించిన నువ్వుల నూనె వాసన రాదు. అందుకే నేను దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచిన నువ్వులు పైన చల్లుతాను, సకినాలు చేసుకునే ఇళ్లలో వాటికి కొదువ ఉండదు కదా. ఆకులను పది నిమిషాలు చల్లని నీటిలో ఉంచి, తడి పూర్తిగా తుడిచి, ఖీమా గోరువెచ్చగా ఉన్నప్పుడే నింపాలి. పొగలు కక్కుతున్నప్పుడు పెడితే ఆకు వాడిపోతుంది.