చిన్న వెబ్‌సైటుకు నమ్మకమైన హోస్టింగ్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది మంగళగిరిలో చేనేత చీరల కొట్టు. మూడేళ్ల క్రితం తెలిసిన కుర్రవాడి చేత ఒక వెబ్‌సైటు చేయించాము. చీరల ఫొటోలు, ధరలు, ఫోన్ నంబరు, ఆర్డరు ఇచ్చే ఫారం తప్ప అందులో ఇంకేమీ లేవు. హోస్టింగ్ (ఇంటర్నెట్‌లో సైటును ఉంచే చోటుకు అద్దె) గడువు వచ్చే నెలతో ముగుస్తోంది. మొదట కట్టినదానికి సుమారు మూడింతలు అడుగుతున్నారు. పైగా నిరుడు దసరాకు ముందు వారంలో సైటు రెండుసార్లు తెరుచుకోలేదు. ఫిర్యాదు చేస్తే మర్నాటికి గాని జవాబు రాలేదు. వేరే సంస్థకు మారాలనుకుంటున్నాము. ఏది నమ్మదగినదో తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: కొత్త సంస్థను వెతికే ముందు, మీ డొమైన్ పేరు (సైటు చిరునామా) ఎవరి పేరు మీద నమోదై ఉందో చూసుకోండి. హోస్టింగ్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు గాని, డొమైన్ చేజారితే అదే పేరు మళ్లీ దక్కుతుందన్న హామీ లేదు. డొమైన్ కొన్న ఖాతాలోకి వెళ్లి ‘రిజిస్ట్రెంట్’ (యజమాని) అన్న చోట మీ పేరు, మీరు రోజూ చూసే ఈమెయిలు ఉన్నాయో లేదో పరిశీలించండి. సైటు చేసిచ్చినవారు తమ ఈమెయిలుతోనే డొమైన్ కొనేయడం చాలా మామూలు. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు గాని, గడువు హెచ్చరికలన్నీ వారికే వెళతాయి. అలా ఉంటే ఆ కుర్రవాడిని అడిగి ఇప్పుడే మార్పించుకోండి. డాట్ కామ్ వంటి పేర్లకు యజమాని వివరాలు మార్చిన తరువాత 60 రోజుల వరకు మరో రిజిస్ట్రార్‌కు (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థకు) బదిలీ కుదరకపోవచ్చు. దానికి కంగారు పడనక్కర లేదు. హోస్టింగ్ మార్చడానికి డొమైన్ బదిలీ అవసరం లేదు, నేమ్‌సర్వర్లు (మీ డొమైన్ పేరు ఏ హోస్టింగ్‌కు దారి చూపాలో చెప్పే అమరిక) మార్చితే సరిపోతుంది. డొమైన్ ఒక చోట, హోస్టింగ్ మరో చోట ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే హోస్టింగ్ సంస్థతో పేచీ వచ్చిన రోజున మీ పేరు మీ చేతిలోనే ఉంటుంది.

ఇక ధర సంగతి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది తొలి గడువు ధర మాత్రమే. ఉదాహరణకు నెలకు 149 రూపాయలని చూపించి, 36 నెలల సొమ్ము ఒకేసారి కట్టించుకున్నారనుకుందాం. అది 5,364 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 6,330. గడువు తీరాక నెలకు 449 రూపాయలైతే ఒక్క ఏడాదికే పన్నుతో కలిపి సుమారు 6,358 అవుతుంది. అంటే మొదట మూడేళ్లకు కట్టిన సొమ్ము తరువాత ఏడాదికే సరిపోతుంది. మీకు జరిగినది దాదాపు ఇదే. కాబట్టి ఏ సంస్థను చూసినా తొలి ధరను పక్కన పెట్టి రెన్యువల్ ధరలనే పోల్చండి. అది చిన్న అక్షరాలలోనైనా కనిపించకపోతే ఆ సంస్థను వదిలేయండి. కొత్త చోట మూడేళ్లకు కాక మొదట ఏడాదికే కట్టండి. తగ్గింపు కొంత పోయినా, పనితీరు చూశాకే ముందుకు వెళ్లే వీలుంటుంది.

‘99.9 శాతం అప్‌టైమ్’ (సైటు ఆగకుండా నడిచే సమయం) అన్న హామీ దాదాపు అందరూ ఇస్తారు. లెక్క వేస్తే అది ఏడాదికి సుమారు 8 గంటల 45 నిమిషాల పాటు సైటు ఆగిపోవడానికి కూడా చోటిస్తుంది. ఆ గంటలన్నీ పండుగ ముందు వారంలోనే రావచ్చు. హామీ తప్పితే వారు తిరిగి ఇచ్చేది సాధారణంగా హోస్టింగ్ రుసుములో కొంత భాగమే. అమ్ముడుపోని చీరల నష్టం వారి లెక్కలోకి రాదు. అందువల్ల హామీ అంకె కన్నా, సైటు ఆగినప్పుడు ఎంతసేపట్లో మనిషి పలుకుతాడన్నదే మీవంటివారికి ముఖ్యం. దీన్ని డబ్బు కట్టకముందే పరీక్షించవచ్చు. ఒక ఆదివారం రాత్రి వారి చాట్‌లో, ‘మా సైటును మీరే తరలించి పెడతారా, రోజూ బ్యాకప్ (సైటు నకలు) తీస్తారా, దాన్ని నేను దించుకోవచ్చా, తిరిగి పెట్టడానికి అదనంగా రుసుము తీసుకుంటారా’ అని అడగండి. సూటిగా జవాబు చెప్పకుండా ఇంకా ఖరీదైన ప్లాను అంటగట్టబోతే, మీకు కావలసిన సంగతి తెలిసిపోయినట్టే.

ఇంటర్నెట్‌లో కనిపించే ‘పది ఉత్తమ హోస్టింగ్‌లు’ వంటి జాబితాలను నమ్మి డబ్బు కట్టకండి. వాటిలో చాలామటుకు, లంకె నొక్కి కొన్న ప్రతివారి మీదా కమీషన్ వచ్చే ఏర్పాటుతో రాసినవే. వేర్వేరు పేర్ల వెనుక ఒకే యజమాని ఉండటమూ ఉంది. బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్, బిగ్‌రాక్ మూడూ న్యూఫోల్డ్ డిజిటల్ అనే ఒకే సంస్థకు చెందినవి. అది తప్పు కాదు గాని, ఒకదానితో విసిగి మారేవారు ఈ సంగతి తెలిసి మారడం మంచిది.

మీ సైటుకు షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునేది) చాలు. ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట చూసి ఎక్కువ కట్టకండి. డిస్కు మీద పరిమితి లేదన్నా ఫైళ్ల సంఖ్య మీద, ప్రాసెసర్ వాడకం మీద నిబంధనలలో పరిమితి ఉంటుంది. సర్వర్ మనదేశంలో ఉండేటట్టు మాత్రం చూసుకోండి, మీ కొనుగోలుదారులు ఎక్కువమంది ఇక్కడివారైతే పేజీ త్వరగా తెరుచుకుంటుంది. ఎస్ఎస్ఎల్‌కు (సైటుకూ చూసేవారికీ మధ్య సాగే సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే ఏర్పాటుకు) వేరే డబ్బు అడిగితే ఇవ్వనక్కర లేదు. దానికి కావలసిన సర్టిఫికెట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సేవ ద్వారా ఉచితంగానే దొరుకుతాయి.

బ్యాకప్ విషయంలో మాత్రం ఎవరినీ పూర్తిగా నమ్మవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటర్ తగలబడి ఒక భవనం పూర్తిగా బూడిదైంది. బ్యాకప్‌లు కూడా అదే ప్రాంగణంలో ఉన్న ఖాతాదారులు కొందరు సర్వం పోగొట్టుకున్నారు. నెలకొకసారి మీరే ఒక కాపీ దించి, కొట్టులోని కంప్యూటర్‌లోనూ ఒక పెన్‌డ్రైవ్‌లోనూ దాచుకోండి. మీది వర్డ్‌ప్రెస్ (సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) సైటైతే ఫైళ్ల ఫోల్డరు ఒక్కటే దించితే చాలదు. అందులో చీరల ఫొటోలు ఉంటాయి గాని, ధరలు, వివరణలు, వచ్చిన ఆర్డర్లు ఉండేది డేటాబేస్‌లో (సమాచారాన్ని విడిగా పట్టికలలో దాచే చోట). రెండూ కావాలి.

గడువు వచ్చే నెలే కాబట్టి, కొత్త హోస్టింగ్ కనీసం రెండు వారాల ముందు తీసుకుని, అక్కడ సైటు సరిగా పనిచేస్తున్నదని చూసి, ఆ తరువాతే నేమ్‌సర్వర్లు మార్చండి. మార్పు అంతటా చేరడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. ఈలోగా పాతది రద్దు చేయవద్దు. కొట్టు పేరుతో ఉన్న ఈమెయిలు కూడా పాత హోస్టింగ్‌లోనే ఉంటే ముందుగా ఆ ఉత్తరాలు దించుకోండి, లేకపోతే ఖాతాతో పాటు అవీ పోతాయి. ఇంకొక్క మాట: ఆటో రెన్యువల్ పెట్టామని నిశ్చింతగా ఉండవద్దు. 2021 అక్టోబరు నుంచి అమలులో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, కార్డు మీద ఈ-మాండేట్ (దానంతటదే జరిగే చెల్లింపులకు మీరు ముందుగా ఇచ్చే అనుమతి) నమోదు కాకపోతే అలాంటి చెల్లింపు బ్యాంకు దగ్గరే ఆగిపోతుంది. గడువు తేదీని క్యాలెండరులో రాసుకోండి.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయానికి ఐదు పేజీల వెబ్‌సైటు పెట్టాలనుకుంటున్నాము. వేళలు, పుస్తకాల జాబితా, చిరునామా ఉంటే చాలు. దీనికి ఉచిత హోస్టింగ్ సరిపోదా?
– గ్రంథాలయ కార్యకర్త ఒకరు

జవాబు: సరిపోతుంది. డేటాబేస్ అవసరం లేని ఇలాంటి పేజీలను గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే ఉచిత సేవలలో దేనిలోనైనా పెట్టవచ్చు. మీ సొంత డొమైన్ కూడా తగిలించుకోవచ్చు, దానికి ఏటా కట్టే రుసుమొక్కటే మీ ఖర్చు. గిట్‌హబ్ తన ఉచిత సేవలో అంగళ్లను నడపనివ్వదు గాని గ్రంథాలయానికి ఆ అడ్డు లేదు. ఖాతా మాత్రం ఒక కార్యకర్త సొంత ఈమెయిలుతో కాక గ్రంథాలయం ఈమెయిలుతో తెరవండి, కార్యవర్గం మారినా సైటు తాళం మీ దగ్గరే ఉంటుంది. గిట్‌హబ్‌లో సైటు పరిమాణం 1 జీబీ మించకూడదు. స్కాన్ చేసిన పాత పుస్తకాలు పెట్టదలిస్తే అది త్వరగా నిండిపోతుంది. హక్కుల గడువు తీరినవాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేర్చి, మీ జాబితాలో పుస్తకం పేరు పక్కన లంకె ఇవ్వండి.