సేవా ఒప్పందానికీ ధరకూ వేర్వేరు నమూనాలు సరిపోతాయా?

క్లౌడ్ సేవల ధరల పట్టికకు ఒక నమూనా (ఆ సమాచారాన్ని డేటాబేస్‌లో అమర్చే తీరు), సేవ ఎంత నిరంతరంగా అందుతుందో హామీ ఇచ్చే సేవా స్థాయి ఒప్పందానికి, అంటే ఎస్‌ఎల్‌ఏకు, మరొక నమూనా పెట్టుకుంటే సరిపోతుందా, లేక రెండింటినీ కలపాలా అని మీరు అడిగారు. నేను కొన్నేళ్లపాటు ఒక క్లౌడ్ సంస్థ బిల్లింగ్ విభాగంలో పనిచేశాను. మొదట రెండింటినీ విడివిడిగానే కట్టి, తర్వాత అదంతా విప్పి మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. ఆ అనుభవంతో చెప్పేదేమిటంటే, పత్రాలు రెండుగా ఉన్నా నమూనా మాత్రం ఒకటే కావాలి. ఒప్పందం తప్పినప్పుడు కస్టమర్‌కు ఇచ్చే క్రెడిట్, అంటే బిల్లులో తగ్గింపు, కూడా ధరలో భాగమే.

ఒకే యంత్రానికి ధరలు ఎందుకు మారతాయో చూస్తే ఈ మాట తేలికగా అర్థమవుతుంది. కంప్యూటర్లను ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే, 2006లో మొదలైన అమెజాన్ ఈసీ2 సేవలో ముందు గంటల లెక్కన అద్దె ఒక్కటే ఉండేది. 2009లో ముందస్తు కట్టుబాటు మీద తగ్గింపు ఇచ్చే రిజర్వ్‌డ్ పద్ధతీ, మిగులు సామర్థ్యాన్ని చవకగా ఇచ్చే స్పాట్ పద్ధతీ వచ్చాయి. స్పాట్‌లో ఇచ్చే యంత్రం నాసిరకం కాదు. అవసరమైతే రెండు నిమిషాల ముందు హెచ్చరించి దాన్ని వెనక్కి తీసుకునే హక్కు అమ్మేవారికి ఉంటుంది, ధర తగ్గడానికి కారణం అదే. తేడా అంతా షరతులో ఉన్నప్పుడు, షరతు లేని ధరల పట్టిక సగమే చెబుతుంది.

మా మొదటి నమూనాలో ఒక్కో వనరుకు యూనిట్ ధర, దాని పక్కన లభ్యత శాతం (మొత్తం సమయంలో సేవ పనిచేసే వాటా) రాసే ఒక గడి మాత్రమే ఉండేవి. ఒక నెల మధ్యలో ధర మారింది, అదే నెలలో రెండు అంతరాయాలు వచ్చాయి. ఒకటి పాత ధర నడుస్తుండగా, మరొకటి కొత్త ధర అమలయ్యాక. క్రెడిట్‌ను ఏ మొత్తం మీద కట్టాలో మా పట్టిక చెప్పలేకపోయింది. ఆర్థిక విభాగానిది ఒక లెక్క, మాది ఒక లెక్క, కస్టమర్‌ది మూడో లెక్క. ఆ తర్వాత ప్రతి ధరకూ ప్రతి షరతుకూ వెర్షన్ సంఖ్య, అమలు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ చేర్చి, పాత వరుసలను చెరపడం పూర్తిగా మానేశాం.

అంతకంటే ఎక్కువ కాలం మమ్మల్ని పీడించింది కొలత. 30 రోజుల నెలలో 43,200 నిమిషాలు ఉంటాయి గనుక 99.9 శాతం అంటే 43.2 నిమిషాల అంతరాయానికి అనుమతి, 99.99 శాతం అంటే 4.32 నిమిషాలకు. ఇంతవరకు గుణకారమే. అసలు చిక్కు అంతరాయాన్ని నిర్వచించడంలో ఉంది. కాలాన్ని అయిదేసి నిమిషాల విరామాలుగా, అంటే ముక్కలుగా, విడగొట్టి, ఒక విరామం మొత్తం విఫలమైతేనే లెక్కించాలని రాసుకున్నారనుకోండి. 10:01 నుంచి 10:09 వరకు సేవ ఆగినా ఏ విరామమూ పూర్తిగా విఫలం కాలేదు కాబట్టి నమోదయ్యేది సున్నా. అదే విరామాల్లోని లోపాల రేటును సగటు కట్టే పద్ధతిలో, అభ్యర్థనలు సమానంగా వస్తున్నంతవరకు, ఆ ఎనిమిది నిమిషాలూ లెక్కలోకి వస్తాయి. ఫైళ్లను దాచే అమెజాన్ ఎస్3 సేవ ఒప్పందం రెండో దారిలో ఉంటుంది. అందువల్ల కొలిచే సూత్రాన్ని వ్యాఖ్యగా రాసి వదిలేయకుండా, నమూనాలో సొంత గుర్తింపు ఉన్న అంశంగా పెట్టండి.

సేవలు గొలుసుగా ఉన్నప్పుడు శాతాలు ఇంకా తగ్గుతాయి. 99.9 శాతం చొప్పున మూడు భాగాలు ఒకదానిపై ఒకటి ఆధారపడితే, వాటి వైఫల్యాలు పరస్పర స్వతంత్రమనుకున్నా, మిగిలేది సుమారు 99.7 శాతం, అంటే నెలకు దాదాపు 129 నిమిషాల అంతరాయం. ఆ భాగాలకు మీరిచ్చిన హామీలనే మొత్తానికీ ఇచ్చినట్లు రాస్తే, బిల్లు తప్పక తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

క్రెడిట్ మెట్లుగా ఉంటుంది: లభ్యత ఒక గీత దాటి పడిపోతే బిల్లులో ఇంత శాతం, ఇంకో గీత దాటితే మరింత. దానికయ్యే ఖర్చును అంచనా వేసేటప్పుడు సగటును మాత్రం నమ్మకండి. ఒక పెద్ద అంతరాయం కస్టమర్లందరినీ ఒకే గంటలో తాకుతుంది, అందరికీ ఒకే నెలలో క్రెడిట్ ఇవ్వవలసి వస్తుంది. కొన్నవారి వైపు నుంచి చూస్తే ఇది బీమా కాదు. సాధారణంగా క్రెడిట్ ఆ నెల బిల్లును మించదు, వారి నష్టం ఎంతైనా కావచ్చు. గడువులోగా అడగకపోతే అదీ రాదు గనుక, ఆ గడువును కూడా నమూనాలో చేర్చండి.

ఇలాంటి షరతులను రాసే భాష కోసం వెతుకుతుంటే, ప్రమాణాల సంస్థ ఓపెన్ గ్రిడ్ ఫోరమ్ 2007లో వెలువరించిన, సేవా ఒప్పందాలను రాసే ప్రమాణం డబ్ల్యూఎస్-అగ్రిమెంట్ చూడండి. దాని ఎక్స్‌ఎంఎల్ (ట్యాగులతో డేటాను రాసే పద్ధతి) రూపాన్ని యథాతథంగా తీసుకోవడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. కాని హామీ వర్తించడానికి ముందు నెరవేరవలసిన అర్హత షరతును అది విడిగా చూపుతుంది, మేము మరిచిపోయింది సరిగ్గా అదే. రెండు జోన్లలో (వేర్వేరు డేటా కేంద్రాల సముదాయాల్లో) నడిపితేనే 99.99 వర్తిస్తుందన్న మాట మా డేటాబేస్‌లో ఎక్కడా లేదు. మీ నమూనా సిద్ధమయ్యాక, ధర మార్పూ అంతరాయమూ రెండూ ఉన్న ఒక పాత నెలను తీసుకుని ఆ బిల్లును దానితో మళ్లీ లెక్కకట్టి చూడండి. కొత్త ధరల పద్ధతులు ఆ తర్వాత చేర్చుకోవచ్చు.